పీట్ నేలల మీద అడవి ఎంత మిగిలింది? ఆ లెక్క ఎలా వేస్తారు?

మలేషియా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో. ఈ మూడు ప్రాంతాల్లో కలిపి సుమారు 1 కోటి 57 లక్షల హెక్టార్ల పీట్ నేల ఉంది. అంటే దాదాపు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత విస్తీర్ణం. 1990లో ఇందులో 76 శాతం చిత్తడి అడవి కింద ఉండేది. 2007 నాటికి అది 41 శాతానికి, 2015 నాటికి 29 శాతానికి పడిపోయింది. అప్పట్లో సింగపూర్‌లో ఉపగ్రహ చిత్రాలపై పనిచేసిన యుక్కా మియెట్టినెన్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన లెక్క ఇది.

పాతికేళ్లలో 73 లక్షల హెక్టార్ల అడవి పోయిందన్న వార్త చదివి బాధపడతాం. కానీ ఆ 29 అనే అంకె ఎలా వచ్చిందో సాధారణంగా అడగం. కాళ్ళు దిగబడే బురద, ఏడాదిలో సగం రోజులు మబ్బులు, రోడ్డే లేని అడవి. అలాంటి చోట ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? అదే నేల మీద వేరొకరు కొలిచి 36 శాతమనో, 56 శాతమనో చెబితే వాళ్లు అబద్ధం చెప్పినట్టా? ఈ పాఠంలో ఆ లెక్కను విప్పి చూద్దాం.

ముందుగా, పీట్ అంటే?

చెట్టు నుంచి రాలిన ఆకు మామూలు నేల మీద కొన్ని నెలల్లో కుళ్ళిపోతుంది. సూక్ష్మజీవులు ఆక్సిజన్ సాయంతో దాన్ని తినేస్తాయి. అందులోని కార్బన్ చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. కానీ ఏడాది పొడవునా నీరు నిలిచే చోట ఆక్సిజన్ అందదు. ఆకులు, కొమ్మలు, వేర్లు సగం కుళ్ళి ఆగిపోతాయి. వాటి మీద మరో పొర, దాని మీద ఇంకో పొర పడుతుంది. ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున, వేల ఏళ్లపాటు పేరుకుపోయిన ఈ నల్లటి పదార్థమే పీట్. బొగ్గుగా మారే దారిలో దీన్ని తొలి మెట్టు అనుకోవచ్చు. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల ఇది 10 మీటర్ల కంటే లోతుగా ఉంటుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో పీట్ నేలలు సుమారు 50 కోట్ల హెక్టార్లు, భూభాగంలో 4 శాతం కంటే తక్కువ. అయినా ప్రపంచ అడవుల్లోని చెట్లన్నిటిలో ఉన్న దానికంటే ఎక్కువ కార్బన్ ఈ కొద్దిపాటి నేలలో ఉంది. మన దేశంలో పీట్ చాలా తక్కువ. నీలగిరి కొండల లోయల్లో కొంత ఉంది. దాని పొరల ఆధారంగానే రామన్ సుకుమార్ బృందం దక్షిణ భారతంలో గత 20 వేల ఏళ్ల వాతావరణ మార్పులను చదివి 1993లో ప్రచురించింది.

పీట్‌ను కాపాడేది నీరు. కాలువలు తవ్వి నీటిని తోడేస్తే ఆక్సిజన్ లోపలికి వెళుతుంది, వేల ఏళ్లుగా ఆగిన కుళ్ళు మళ్ళీ మొదలవుతుంది. నేల కుంగుతుంది. సుమత్రాలో తోటల కోసం నీరు తీసిన పీట్ మొదటి ఐదేళ్లలోనే దాదాపు 1.4 మీటర్లు, ఆ తర్వాత ఏటా సుమారు 5 సెంటీమీటర్లు కుంగిందని కొలతలు చెప్పాయి. ఎండిన పీట్‌కు నిప్పంటుకుంటే నేల లోపల వారాల తరబడి రగులుతూనే ఉంటుంది.

ఇండోనేషియాలో 1990ల మధ్యలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. బోర్నియో ద్వీపంలోని మధ్య కాలిమంతాన్‌లో సుమారు 10 లక్షల హెక్టార్లలో వరి పండించాలని ప్రభుత్వం పూనుకుంది. అడవి నరికి, 4 వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. వరి సరిగా పండలేదు. 1997 ఎల్‌నినో కరువులో ఆ ఎండిన నేల తగలబడింది. ఆ ఏడాది ఇండోనేషియా పీట్, అడవి మంటల నుంచి వెలువడిన కార్బన్ 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని సూసన్ పేజ్ బృందం 2002లో అంచనా వేసింది. అప్పట్లో ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ఏటా వదిలే కార్బన్‌లో అది 13 నుంచి 40 శాతం.

ఆ రెండు అంకెల మధ్య తేడా మూడు రెట్లు! కాలిన పీట్ విస్తీర్ణం ఎంత, ఎంత లోతు వరకు కాలింది అన్నవి కచ్చితంగా తెలియకపోవడమే ముఖ్య కారణం. పీట్ ఎక్కడుంది, దాని మీద ఏముంది అన్న పటం సరిగా లేకపోతే ఆ తర్వాతి ప్రతి లెక్కా ఇలాగే సాగిపోతుంది.

రెండు పటాలు, ఒక భాగహారం

సూత్రం చాలా తేలిక. ఒక పారదర్శక కాగితం మీద పీట్ ఉన్న చోట్లన్నీ గీయండి. మరో కాగితం మీద అడవి ఉన్న చోట్లన్నీ గీయండి. ఒకదానిపై ఒకటి పెట్టండి. రెండూ కలిసిన విస్తీర్ణాన్ని మొత్తం పీట్ విస్తీర్ణంతో భాగించి 100తో గుణించండి. అదే పీట్ నేలల మీద అడవి శాతం. ఇప్పుడు ఈ పని కంప్యూటర్ చేస్తుంది. చిక్కంతా ఆ రెండు కాగితాల మీద గీతలు ఎక్కడ గీయాలన్న దగ్గరే ఉంది.

మొదటి గీత: ఏది పీట్?

పీట్ నేల అడుగున ఉంటుంది. ఉపగ్రహం పై నుంచి చెట్లను చూడగలదు కానీ, కింద అర మీటరు పీట్ ఉందో ఐదు మీటర్లు ఉందో నేరుగా చూడలేదు. మనిషి వెళ్లి పొడవాటి ఇనుప గొట్టాన్ని నేలలోకి దింపి, పొరను బయటికి తీసి చూడాల్సిందే. అలాంటి బిందువులు కొన్ని వందలో వేలో ఉంటాయి. మిగతా చోట్ల నేల ఎత్తుపల్లాలు, నదుల దూరం, చెట్ల రకం వంటి ఆనవాళ్లతో అంచనా వేస్తారు.

పైగా ఎంత లోతుంటే పీట్ నేల అనాలో అందరికీ ఒకే నియమం లేదు. కొన్ని దేశాలు 30 సెంటీమీటర్లు అంటాయి, మరికొన్ని 40 అంటాయి. ఇండోనేషియా చట్టం 50 అంటుంది. ఆ దేశపు పీట్ విస్తీర్ణాన్నే చూడండి. 2000ల మొదట్లో వచ్చిన పటాల ప్రకారం అది 2 కోట్ల హెక్టార్ల పైమాట. అక్కడి వ్యవసాయ శాఖ 2011 పటంలో 1 కోటి 49 లక్షలు. 2019 పటంలో 1 కోటి 34 లక్షలు. ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం కొలత మెరుగుపడటం వల్ల వచ్చినదే. ఈ చిక్కు తీర్చడానికే ఇండోనేషియా 2016లో 10 లక్షల డాలర్ల బహుమతితో ఒక పోటీ పెట్టింది. పీట్‌ను వేగంగా, చౌకగా, నమ్మకంగా పటం గీసే పద్ధతి కావాలన్నది షరతు. ఉపగ్రహ చిత్రాలను, విమానం నుంచి లేజర్ కాంతితో కొలిచే లైడార్‌ను, నేల మీది కొలతలను కలిపిన పద్ధతికి 2018లో ఆ బహుమతి దక్కింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. 100 హెక్టార్ల పీట్ ఉందనుకుందాం. 30 హెక్టార్లలో అడవి, 70 హెక్టార్లలో నీరు తీసేసిన తోటలు. అడవి 30 శాతం. కొన్నేళ్లకు తోటల కింద 20 హెక్టార్ల పల్చటి పీట్ కుళ్ళిపోయి 50 సెంటీమీటర్ల కంటే తగ్గింది. నియమం ప్రకారం అది ఇక పీట్ నేల కాదు, కొత్త పటంలో ఉండదు. ఇప్పుడు 80లో 30, అంటే 37.5 శాతం. ఒక్క చెట్టు కొత్తగా మొలవలేదు. పీట్ నాశనమైంది. అడవి శాతం మాత్రం పెరిగింది! అందుకే జాగ్రత్తగా పనిచేసేవారు 1990కీ 2015కీ ఒకే పీట్ పటాన్ని హారంగా వాడతారు, శాతంతో పాటు హెక్టార్లూ చెబుతారు.

ఆఫ్రికాలో మరో రకం చిక్కు కనిపిస్తుంది. కాంగో నదీ పరీవాహక ప్రాంతం నడిబొడ్డున ఉన్న చిత్తడిలో 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్ ఉందని గ్రెటా డార్జీ, సైమన్ లూయిస్ బృందం 2017లో ప్రకటించింది. నేలలో గొట్టాలు దింపి చూసినప్పుడు కొన్ని రకాల చిత్తడి అడవుల కిందే పీట్ దొరికింది. ఆ అడవులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఉపగ్రహంతో గుర్తించి, అక్కడ పీట్ ఉంటుందని అంచనా కట్టారు. మరిన్ని చోట్ల తవ్వి చూశాక 2022లో ఆ విస్తీర్ణం 1,67,600 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. పీట్‌ను కనుక్కోవడానికి ఇది మంచి పద్ధతి. కానీ ఈ పటం పట్టుకుని 'పీట్ మీద అడవి ఎంత?' అని అడిగితే జవాబు దాదాపు నూరు శాతం వస్తుంది. ఎందుకంటే అడవిని చూసే కదా పీట్ అన్నాం! ప్రశ్నలోనే జవాబు దాగుంది.

రెండో గీత: ఏది అడవి?

మన భారత అటవీ సర్వే లెక్కలో, ఒక హెక్టారు లేదా అంతకంటే పెద్ద స్థలంలో ఆకుల పందిరి 10 శాతం నేలను కప్పితే చాలు, అది అటవీ విస్తీర్ణమే. అది ఎవరి భూమి, ఏ చెట్లు అన్నది చూడరు. మామిడి తోట కూడా ఇందులోకి రావచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వచనం వేరు. కాగితపు గుజ్జు కోసం పెంచే అకేషియా వంటి కలప తోటలు అడవే. ఆయిల్ పామ్ తోట మాత్రం వ్యవసాయం, అడవి కాదు. పీట్ మీద పనిచేసే పరిశోధకులు ఇంకా కచ్చితంగా ఉంటారు. సహజంగా పెరిగిన చిత్తడి అడవినే లెక్కిస్తారు.

ఈ తేడా ఎంత పెద్దదో మొదట చెప్పిన 2015 లెక్కతోనే చూద్దాం. 1 కోటి 57 లక్షల హెక్టార్లలో సహజ చిత్తడి అడవి 46 లక్షలు. అది 29 శాతం. గుజ్జు కలప తోటలు మరో 11 లక్షల హెక్టార్లు. వాటినీ అడవి అంటే మొత్తం 57 లక్షలు, 36 శాతం. కంపెనీల ఆయిల్ పామ్ తోటలు 31 లక్షల హెక్టార్లు. ముదిరిన తోటల్లో పందిరి దట్టంగానే ఉంటుంది కనుక వాటినీ కలిపేస్తే 88 లక్షలు, 56 శాతం.

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 29, 36, 56. మూడూ ఒకే నేలవి, ఒకే ఏడాదివి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ పీట్ దృష్టిలో ఇవి ఒకటి కావు. ఆయిల్ పామ్ వేర్లు నీటిలో మునిగితే సరిగా పెరగవు, కాబట్టి తోట ఉందంటే కాలువ ఉన్నట్టే. నీరు తీసిన ఉష్ణమండల పీట్ మీది ఆయిల్ పామ్ తోట నుంచి హెక్టారుకు ఏటా 11 టన్నుల కార్బన్ పోతుందని ఐపీసీసీ 2013 మార్గదర్శకాలు లెక్కకట్టాయి. కార్బన్ డయాక్సైడ్‌గా చూస్తే సుమారు 40 టన్నులు. అంటే లక్ష హెక్టార్ల తోటను పొరపాటున 'నీరు నిండిన అడవి' అని రాస్తే, దేశపు ఉద్గారాల చిట్టాలో ఏటా 40 లక్షల టన్నులు మాయమైపోతాయి.

ఉపగ్రహం ఏం చూస్తుంది?

ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. అదే ఆకు, మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని గట్టిగా వెనక్కి పంపుతుంది. లాండ్‌శాట్ వంటి ఉపగ్రహం 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పున్న గడులుగా ఈ రెంటినీ కొలుస్తుంది. ఈ గడినే పిక్సెల్ అంటాం. రెండు కొలతల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే పచ్చదనం సూచిక వస్తుంది. బోడి నేలకు అది సున్నా దగ్గర, దట్టమైన ఆకులకు ఒకటి దగ్గర ఉంటుంది.

కానీ అది పచ్చదనం సూచికే, అడవి సూచిక కాదు. ముదిరిన అకేషియా తోట, సహజ అడవి రెండూ దానికి పచ్చగానే కనిపిస్తాయి. అందుకే ఆగ్నేయాసియా పటాల్లో నిపుణులు కంటితో చూసి గీసిన గీతలకు ఇప్పటికీ విలువ ఉంది. తోట అయితే గళ్ల దుప్పటిలా తిన్నని కాలువలు, బాటలు కనిపిస్తాయి. సహజ అడవి పందిరి గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇక మబ్బులు కమ్మిన పిక్సెల్‌లో ఈ కాంతి ఏమీ చెప్పలేదు. ఒక మబ్బులేని పటం కోసం నెలల తరబడి తీసిన చిత్రాలను అతుకులు వేయాల్సి వస్తుంది.

ఇక్కడే రాడార్ పనికొస్తుంది. రేడియో తరంగాలు మబ్బుల్లోంచి దూసుకుపోతాయి. సుమారు 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎల్-బ్యాండ్ తరంగం చిన్న ఆకులను పెద్దగా పట్టించుకోకుండా కొమ్మలు, మానుల దాకా వెళుతుంది. కింద నీరు నిలిచి ఉంటే, తరంగం నీటి మీద తగిలి, మానుకు తగిలి, తిరిగి ఉపగ్రహం వైపే బలంగా వస్తుంది. గోడ మూలకు కొట్టిన బంతి మన వైపే తిరిగి వచ్చినట్టు. అంటే అడవి ఉందా అన్నదే కాదు, ఆ అడవి కింద నీరు నిలిచి ఉందా అన్నదీ తెలుసుకోవచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహంలో నాసా తయారుచేసిన ఎల్-బ్యాండ్ రాడార్, ఇస్రో తయారుచేసిన ఎస్-బ్యాండ్ రాడార్ రెండూ ఉన్నాయి. అది 12 రోజులకోసారి అదే దారికి తిరిగి వచ్చి, అదే నేలను మళ్ళీ చూసేలా రూపొందింది.

పిక్సెళ్లు లెక్కపెడితే సరిపోదు

భౌతికశాస్త్రం చదివే రోజుల్లో ప్రయోగశాలలో కొలత రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో రాయకపోతే మాకు మార్కులు పోయేవి. పటాలకూ అదే నియమం. పటంలో అడవి రంగు పిక్సెళ్లు లెక్కపెట్టి విస్తీర్ణం చెప్పేస్తే అది సగం పనే. పటం చేసే పొరపాట్లను కొలిచి, సరిదిద్దాలి. ఒక ఊహాజనిత ఉదాహరణతో చేసి చూద్దాం.

1,000 చదరపు కిలోమీటర్ల పీట్ నేల. పటం ప్రకారం 300 అడవి, 700 అడవి కాదు. ఈ రెండు భాగాల్లోనూ చీటీలు తీసినట్టు, ఏ మొగ్గూ లేకుండా చెరో 100 బిందువులు ఎంచుకుంటాం. ప్రతి బిందువు దగ్గర నిజంగా ఏముందో నేలమీదకు వెళ్లి గానీ, చాలా స్పష్టమైన చిత్రాల్లో గానీ చూస్తాం. పటం 'అడవి' అన్న 100లో 90 నిజంగా అడవి అని తేలింది. 'అడవి కాదు' అన్న 100లో 8 చోట్ల అడవి ఉందని తేలింది.

ఇప్పుడు సరిదిద్దిన అడవి విస్తీర్ణం: 300లో 90 శాతం, అంటే 270. దానికి 700లో 8 శాతం, అంటే 56 కలపాలి. మొత్తం 326. పటం 300 అంది, అసలు అంచనా 326.

'90 శాతం ఒప్పు, 92 శాతం ఒప్పు' అంటే మంచి పటమే అనిపిస్తుంది. కానీ 'అడవి కాదు' భాగం పెద్దది కాబట్టి, అందులోని చిన్న పొరపాటు శాతం కూడా 56 చదరపు కిలోమీటర్ల అడవిని మింగేసింది. మనం చూసింది 200 బిందువులే కనుక 326 కూడా కచ్చితం కాదు. గణాంక సూత్రం ప్రకారం దీనికి ప్లస్ ఆర్ మైనస్ 41 అనిశ్చితి ఉంటుంది. అంటే నిజమైన విలువ 285కీ 367కీ మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలం.

ఐదేళ్ల తర్వాత ఇదే పద్ధతిలో కొలిస్తే 300 వచ్చిందనుకోండి. 26 చదరపు కిలోమీటర్ల అడవి పోయిందని శీర్షిక పెట్టొచ్చా? పెట్టకూడదు. రెండు కొలతల అనిశ్చితి కలిస్తే తేడా మీద ప్లస్ ఆర్ మైనస్ 58 వరకు ఉంటుంది. ఆ కొలతతో 26 పోయిందనీ చెప్పలేం, పోలేదనీ చెప్పలేం. ఎక్కువ బిందువులు చూడాలి. లేదా రెండు వేర్వేరు పటాల తేడా తీసే బదులు, అవే బిందువులను రెండు కాలాల్లోనూ చూసి మార్పును నేరుగా కొలవాలి. 76 నుంచి 29కి పడిపోవడం మాత్రం ఇలాంటి తేడా కాదు. ఈ పొరపాట్లన్నీ కలిసినా కప్పిపుచ్చలేనంత పెద్ద పతనం అది.

అడవి ఎక్కువుంటే మంచిదేనా?

ఉష్ణమండలంలో సహజ అడవి నిలిచి ఉందంటే చాలావరకు కింద నీరూ నిలిచి ఉన్నట్టే. అయినా పూర్తి భరోసా లేదు. కలప దొంగలు తవ్విన చిన్న కాలువ పందిరి కింద కనిపించకుండానే పీట్‌ను ఎండగడుతుంది.

ఉత్తర ఐరోపాకు వెళితే అర్థమే తారుమారవుతుంది. అక్కడ చాలా పీట్ నేలలు సహజంగా చెట్లు లేని నాచు మైదానాలు. ఫిన్లాండ్‌లో పీట్ నేలల్లో సగానికి పైగా కలప పెంచడానికి నీరు తీసేసినవే. స్కాట్లాండ్‌లోని ఫ్లో కంట్రీలో 1970లు, 80లలో పన్ను రాయితీల ఆశతో పీట్ మీద బయటి జాతుల కలప చెట్లు నాటారు. వాటిలో చాలావాటిని తర్వాత తీసేసి, నీటిని మళ్ళీ నిలబెడుతున్నారు. 2024లో ఆ నేలకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. అక్కడ పీట్ మీద అడవి శాతం తగ్గడం శుభవార్త! కాబట్టి అడవి శాతం పక్కన నీటిమట్టం ఎంతో తెలియకుండా మంచి, చెడు తేల్చలేం.

మనకెందుకు?

పామాయిల్‌ను ప్రపంచంలో అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనది. అందులో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తుంది. మిర్చి బజ్జీల బాణలి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా అది ఉంది. గోదావరి జిల్లాల్లోనూ, తెలంగాణలోనూ కనిపించే ఆయిల్ పామ్ తోటలు పీట్ నేలల మీద లేవు. వాటి లెక్క వేరు, అక్కడ ప్రశ్న సాగునీటిది. కానీ దిగుమతి నూనెలో కొంత పీట్ నేల నుంచి వస్తుంది. ఎంత భాగం, అడవి నరికిన నేల నుంచా కాదా అని తేల్చాలంటే ఆధారం ఈ పటాలే. 'అడవి నరకకుండా పండించిన నూనె' అనే హామీ నిజమో కాదో తేల్చేది కూడా, ఏది అడవి, ఏది పీట్ అని గీసిన ఆ రెండు గీతలే.

ఇకపై ఇలాంటి శాతం ఎక్కడైనా కనిపిస్తే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎంత లోతును పీట్ అన్నారు? తోటలను అడవిలో కలిపారా? పటాన్ని నేల మీద సరిచూసి, ప్లస్ ఆర్ మైనస్ ఎంతో చెప్పారా? పాత లెక్కతో పోల్చినప్పుడు రెండుసార్లూ ఒకే పీట్ పటం వాడారా? నాలుగింటికీ జవాబు దొరికితే ఆ అంకెను నమ్మొచ్చు. దొరక్కపోతే, అది ఎంత తక్కువున్నా ఎంత ఎక్కువున్నా, ఇంకా పూర్తికాని కొలతగానే చూడాలి.